కొండ మీద పొగ: తత్త్వశాస్త్రం ఎం.ఏ.లో జరిగేదేమిటి?

నమస్కారం. నేను తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చదివానని తెలిసిన వెంటనే ఎదుటివారు తప్పకుండా అడిగేది ఒకటి ఉంది: "అయితే జీవితం గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి." పెళ్ళిళ్ళలో అడుగుతారు, రైలులో అడుగుతారు; ఒకసారి పన్ను తీయించుకోవడానికి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా అడిగారు. మన వాడుకలో "వేదాంతం మాట్లాడకు" అన్నా "ఫిలాసఫీ చెప్పకు" అన్నా భావం ఒకటే కనుక, ఆ పనినే ఒక విశ్వవిద్యాలయ విభాగం రెండేళ్ళపాటు నేర్పుతుందని జనం అనుకోవడంలో పెద్ద వింత లేదు. అయినప్పటికీ ఆ అపోహ నన్ను విసిగిస్తూనే ఉన్నది.

అక్కడ నేర్పేది మంచి మాటలు కాదు. ఎవరైనా ఒక మాట అన్నప్పుడు, ఆ మాటకు వారు చూపిన ఆధారం దానిని నిజంగా మోయగలదా అని పరీక్షించడమే అక్కడి పని.

(తెరపై: దూరాన ఒక కొండ, దాని మీద సన్నని పొగ)

"ఆ కొండ మీద నిప్పు ఉన్నది, పొగ కనిపిస్తున్నది కనుక." న్యాయశాస్త్రం, అనగా కోర్టుల న్యాయం కాదు, ప్రాచీన తర్కశాస్త్రమైన గౌతముని న్యాయదర్శనం, ఈ ఒక్క వాక్యాన్ని ఐదు అవయవాలుగా విప్పుతుంది. నిప్పు ఉన్నదనడం ప్రతిజ్ఞ. పొగ ఉన్నది కనుక అనడం హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింటిలో వలె, అనడం ఉదాహరణ. ఈ కొండా అటువంటిదే అనడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉన్నది అనడం నిగమనం. దీనిని తొలిసారి చదివేవారి చేతికి సాధారణంగా ఇచ్చే పుస్తకం తర్కసంగ్రహం. దాని కర్త అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు కాలేరని సంస్కృతంలో ఒక నానుడి కూడా ఉన్నది.

తెలుగు విద్యార్థికి ఇక్కడొక చిక్కు. "అనుమానం ఒక ప్రమాణం" అని అధ్యాపకుడు చెప్పినప్పుడు మన చెవికి అది పోలీసు స్టేషన్లో ఒట్టు వేయించుకున్నట్లు వినిపిస్తుంది. శాస్త్రంలో అనుమానమంటే సందేహం కాదు, పొగను చూసి నిప్పును తెలుసుకోవడం. ప్రమాణమంటే ఒట్టు కాదు, తెలుసుకునే సాధనం. పరాయి మాటలైతే జాగ్రత్తగా నేర్చుకుంటాము. సొంత మాటలను మరచి మళ్ళీ నేర్చుకోవడమే కష్టమని నా అభిప్రాయం.

ఇప్పుడు కొండకు తిరిగి వద్దాము. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటే, నిప్పు ఉన్నచోటల్లా పొగ కూడా ఉంటుందా? కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండును చూడండి: నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా కావాలి. చెప్పకుండా దాగి ఉన్న ఆ షరతునే నైయాయికులు, అనగా న్యాయదర్శన పండితులు, ఉపాధి అన్నారు. (ఇది కూడా ఉపాధి హామీలోని ఉపాధి కాదు.) టీవీ చర్చలలో నాకు వినిపించే వాదాలలో సగం ఈ ఇనుపగుండు దగ్గరే కూలిపోతాయి.

అంతటితో ఆగదు. "ఉన్నచోటల్లా" అన్నారే, అన్ని చోట్లూ ఎవరు చూశారు, రేపటి వంటిళ్ళను ఎవరు చూశారు అని, కంటికి కనిపించినదానినే నమ్మే భౌతికవాది చార్వాకుడు అడుగుతాడు. 1739లో స్కాట్లాండు తత్త్వవేత్త హ్యూమ్ కూడా దాదాపు ఇటువంటి ప్రశ్ననే వేశాడు. అలాగని "ఇది మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు" అని వ్యాసంలో రాసి ఊరుకుంటే మంచి అధ్యాపకుడు ఎర్ర సిరాతో గీత గీస్తాడు. చార్వాకుడు అనుమానాన్ని ప్రమాణంగానే ఒప్పుకోడు. హ్యూమ్ మాత్రం మనం అలవాటు కొద్దీ అలా ఊహిస్తామంటూ దాని మూలాన్ని వివరిస్తాడు. ప్రశ్నలు పోలి ఉన్నా నిలబడిన చోట్లు వేరు, ఆ తేడాను చూపించినప్పుడే మార్కులు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఘట్టం ఇది. 8వ శతాబ్దపు బౌద్ధ పండితుడు ధర్మోత్తరుడు అదే నిప్పును ఇంకో విధంగా చూపించాడు. ఎవరో మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు. పొగ ఇంకా లేవలేదు, కానీ వాసనకు పురుగుల గుంపు ముసిరింది. దూరాన ఉన్న మనిషి ఆ నల్లని గుంపును పొగ అనుకొని, అక్కడ నిప్పు ఉన్నదన్నాడు. నిప్పు నిజంగానే ఉన్నది. అతనికి తన లెక్కలో కారణమూ ఉన్నది. మరి అతనికి "తెలుసు" అనవచ్చునా? సరైన కారణంతో నమ్మిన నిజమే జ్ఞానమన్న నిర్వచనాన్ని ఇటువంటి ఉదాహరణలతోనే 1963లో అమెరికన్ తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంతో కదిలించాడు. దానిని సరిచేయడానికి తరువాత రాసిన వ్యాసాలతో బీరువాలు నిండుతాయి. ఎం.ఏ. తరగతిలో ఆ మూడు పేజీలకు మూడు వారాలు పట్టినా ఆశ్చర్యపోకండి. మూడు పేజీలే కదా అని రాత్రికి రాత్రి చదివి వచ్చినవాడు సెమినార్లో మొదటి ప్రశ్నకే మౌనం వహిస్తాడు. ఆ మౌనం నాదే.

పురుగుల గుంపు ఎం.ఏ. చివర రాసే లఘు సిద్ధాంతవ్యాసంలో మళ్ళీ కనిపిస్తుంది. కాంట్, హైడెగర్, శంకరుడు, నాగార్జునుడు వంటి తత్త్వవేత్తలందరూ ఒకే పేజీలో ముసిరి ఉంటారు. దూరం నుంచి చూస్తే అది వాదం లాగానే ఉంటుంది, దగ్గరికి వెళితే రెక్కల చప్పుడు తప్ప పొగ లేదు. దీనికి భిన్నమైన ఉదాహరణ సర్వేపల్లి రాధాకృష్ణన్. బంధువొకరు చదివేసిన పాఠ్యపుస్తకాలు చేతికి వచ్చినందువల్ల ఆయన ఈ శాస్త్రంలోకి అడుగుపెట్టారు. తరువాత 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ఎం.ఏ. కోసం వేదాంత నీతిశాస్త్రంపై ఆయన రాసిన సిద్ధాంతవ్యాసం, వేదాంతంలో నీతికి చోటు లేదన్న ఆక్షేపణకు సమాధానం. అంటే వేదాంతం మీద రాసినా, అక్కడ జరిగింది "వేదాంతం చెప్పడం" కాదు.

సమయం మించిపోతున్నది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. చాలా విశ్వవిద్యాలయాలలో ఏ డిగ్రీ చదివినవారైనా ఈ ఎం.ఏ.లో చేరవచ్చు, రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో ఈ విభాగం ఉన్నది. ప్రవేశ నియమాలు ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి. అధ్యాపకులు కావాలంటే సాధారణంగా నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష గానీ, రాష్ట్ర స్థాయి సెట్ గానీ రాయాలి, నెట్‌లో జె.ఆర్.ఎఫ్. (పరిశోధన భృతి) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. (పీహెచ్‌డీకి ముందు చేసే పరిశోధన డిగ్రీ) ముగిసింది, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు. ఉద్యోగాలు తక్కువ, ఈ సంగతి చేరకముందే ఇంట్లో చెప్పండి.

హేత్వాభాసాలు, అనగా హేతువులా కనిపించే తప్పుడు హేతువులు, ఐదూ ఈ వీడియోలోనే చెప్పాలనుకున్నాను, కొండ దిగడానికే ఆలస్యమైంది. వచ్చే భాగంలో అదే కొండ దగ్గర మొదలుపెడదాము. ఈసారి అక్కడ కనిపించేది పొగా, పొగమంచా అన్నది ప్రశ్న.