మా టీమ్ ఓటములకి బఫెలోలో కొబ్బరిచెట్లు లేకపోవడమా కారణం?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈ రోజు జూన్ 18, 2025. టైము తెల్లవారి ఐదుంపావు. ఈసారి వీడియో అమెరికాలో మేముండే బఫెలో నుంచి కాదు, అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో నాన్నగారింటి అరుగు మీద నుంచి. రాత్రి వాన పడింది, అందుకే ఆ కప్పల గోల. ఇంకో పావుగంటలో ఐస్ హాకీ మ్యాచ్ మొదలవుతుంది. ఫోన్‌ని బిందెకి ఆనించి పెట్టాను, నాన్న పడక్కుర్చీలో కూర్చున్నారు, మా వాడు దుప్పటి కప్పుకుని నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

కాకినాడ పెద్దమ్మ రెండేళ్ళ నుంచి అడుగుతోంది, "ఆ మంచు మీద జారుతూ కొట్టుకునే ఆటలో ఏముందే, ఓడిపోయినప్పుడల్లా ఫోన్ కూడా ఎత్తవు" అని. పెద్దమ్మా, ఈ వీడియో నీ కోసమే, చివరిదాకా చూడు.

మనకి హాకీ అంటే ధ్యాన్‌చంద్, గడ్డి మైదానం. అది వేరు, ఇది వేరు. ఇక్కడ రెండువందల అడుగుల పొడవు, ఎనభై ఐదు అడుగుల వెడల్పు ఐసు గచ్చు, చుట్టూ గోడ. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, అందులో ఒకడు గోల్ కాచే గోలీ. బంతి ఉండదు, మూడంగుళాల రబ్బరు బిళ్ళ ఉంటుంది, పక్ అంటారు, బరువు 170 గ్రాములు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. నాకు మొదట్లో వింతగా అనిపించిందీ, ఇప్పటికీ బాగా నచ్చేదీ ఏంటంటే, ఆట ఆగకుండానే మనుషులు మారిపోతారు. ముక్కాలు నిమిషం పరిగెత్తాక ఊపిరి అందదు, గోడ దూకి బయటికొచ్చేస్తారు, ఇంకొకరు దూకి లోపలికి వెళ్తారు. ఎవర్ని ఎప్పుడు పంపాలో చూసుకునేది కోచ్. కోచ్ మీద నాకు ఇంత పట్టింపు అందుకే.

ఈ రోజు ఆడేది మా టీమ్ కాదు. మా టీమ్ బఫెలో సేబర్స్. సీజన్ చివర కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి వాళ్ళు చివరిసారి వెళ్ళింది 2011లో. మొన్న ఏప్రిల్‌తో వరసగా పద్నాలుగు సీజన్లు అయిపోయాయి, వాళ్ళు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ చరిత్రలో ఇన్నేళ్ళు బయట ఉండిపోయిన టీమ్ ఇంకొకటి లేదు. ఈ రోజు ఫైనల్స్‌లో ఆరో మ్యాచ్, ఫ్లోరిడా పాంథర్స్‌కీ ఎడ్మంటన్ ఆయిలర్స్‌కీ. ఫ్లోరిడా గెలిస్తే లీగ్ ట్రోఫీ, స్టాన్లీ కప్, వాళ్ళదే. నేను వేసుకున్న జెర్సీ మాత్రం బఫెలోదే, వెనకాల రైన్‌హార్ట్ అనీ, కింద 23 అనీ ఉంటుంది చూడండి. 2019లో రెండువందల డాలర్లు పెట్టి కొన్నాను, అప్పటి రేటుకి పద్నాలుగు వేలు. ఆ రైన్‌హార్ట్ ఇప్పుడు ఫ్లోరిడాకి ఆడుతున్నాడు.

నాకు ఈ ఆట ఎలా అంటుకుందో చెప్పాలి. నేను వెళ్ళింది 2014 అక్టోబరులో. నెల తిరక్కుండానే నవంబరులో మంచు పడింది. బఫెలోకి దక్షిణం వైపు మేమున్న చోట తలుపు తీస్తే తెల్లటి గోడ. కొన్నిచోట్ల ఏడడుగులు పడింది. మా వారు ఆఫీసులో ఇరుక్కుపోయారు, రెండు రాత్రులు నేనొక్కదాన్నే. కారు రోడ్డెక్కకూడదని ఆర్డరు. అమ్మకి ఫోన్ చేస్తే ఏడుపొస్తుందని చెయ్యలేదు. మూడోరోజు పక్కింటి పెద్దావిడ పారతో దారి చేసుకుని వచ్చి, రా అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వాళ్ళింట్లో వేడిగా సూప్ ఇచ్చి టీవీలో పాత హాకీ మ్యాచ్ పెట్టింది. ఆ వారం బఫెలోలో జరగాల్సిన మ్యాచ్ కూడా మంచు వల్ల వాయిదా పడింది. ఆవిడ మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, కానీ పక్ గోల్‌లో పడ్డప్పుడు ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆ ఊళ్ళో నాకు మొదటి చుట్టం ఆవిడే. ఆవిడ ఇప్పుడు లేదు. మా టీమ్ మళ్ళీ ప్లేఆఫ్స్ ఆడటం చూడకుండానే వెళ్ళిపోయింది.

సరే, మ్యాచ్ మొదలైంది. ఆ ఎడ్మంటన్ వైపు 97 నంబరు వేసుకున్నవాడు మెక్‌డేవిడ్, ఇప్పుడు ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు అంటారు. అక్కడ ఓ పద్ధతి ఉంది. ఏటా కుర్రాళ్ళని టీములు పంచుకుంటాయి, డ్రాఫ్ట్ అంటారు. బాగా ఓడిన టీములకి ముందు ఎంచుకునే అవకాశం, అదీ లాటరీ తీసి. 2014-15లో మెక్‌డేవిడ్ వస్తున్నాడని మావాళ్ళు మంచి ఆటగాళ్ళని వదిలించుకుని అట్టడుగుకి వెళ్ళారు. ఆ మార్చిలో ఎదుటి టీమ్ గోల్ కొడితే మా స్టేడియంలోనే మా జనం చప్పట్లు కొట్టారు. నాకు అప్పటికి రూల్స్ కూడా సరిగ్గా తెలీవు, అయినా ఒళ్ళు జలదరించింది. ఓడిపోవడం అలవాటు చేస్తే అది పోతుందా అండీ? తీరా లాటరీలో మాకు ఇరవై శాతం అవకాశం ఉంటే, పదకొండున్నర శాతం ఉన్న ఎడ్మంటన్‌కి మెక్‌డేవిడ్ వెళ్ళాడు. మాకు రెండో కుర్రాడు వచ్చాడు, జాక్ ఐకెల్.

అయ్యో, గోల్! చూశారా, ఐదు నిమిషాలు కూడా కాలేదు. కొట్టింది ఎవరో చూడండి. రైన్‌హార్ట్. నాన్నా, ఇదిగో, నా వీపు మీద ఉన్న పేరు ఇతనిదే!

నాన్న అడిగారు, "మీవాడే కదా, మరి అటెందుకు ఉన్నాడు?" అని. 2014 డ్రాఫ్ట్‌లో తీసుకున్నాం నాన్నా, ఏడేళ్ళు ఉంచుకుని 2021లో ఇచ్చేశాం అన్నాను. నాన్న చేత్తో పెరటి వైపు చూపించారు. ఆ కంచె పక్కన చెట్టుంది చూడండి, నేను అమెరికా వెళ్ళిన ఏడాది వేసిన మొక్క. ఏడో ఏడు గెల వేసింది. "ఆరేళ్ళు నీళ్ళు పోసి ఏడో ఏట నరికేస్తారా ఎవరైనా" అన్నారు. నరకలేదు నాన్నా, పక్కవాళ్ళ తోటలోకి మార్చారు. అక్కడికెళ్ళాక 2023-24లో 57 గోల్స్ కొట్టాడు, ఆ ఏడే కప్పు కూడా ఎత్తాడు.

ఇతనొక్కడే అయితే ఊరుకుందును. ర్యాన్ ఓ'రైలీ, ఈ ఓటమిలో ఆట మీద ప్రేమే పోతోందని నోరు విప్పి చెప్పాడు. 2018లో సెయింట్ లూయిస్‌కి పంపేశారు, మరుసటి ఏడే వాళ్ళు కప్పు గెలిచారు, ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి అతనిదే. ఐకెల్‌కి మెడ నొప్పి వస్తే ఏ ఆపరేషన్ చేయించాలన్న దగ్గర మేనేజ్‌మెంట్‌కీ అతనికీ పడలేదు, నెలల తరబడి నానబెట్టి 2021 నవంబరులో వేగాస్‌కి ఇచ్చారు. అతను కోరుకున్న ఆపరేషనే చేయించుకుని 2023లో కప్పు ఎత్తాడు. ఎడ్మంటన్ టీమ్‌లో జెఫ్ స్కిన్నర్ ఉన్నాడు కదా, మూడేళ్ళ కాంట్రాక్టు మిగిలుండగా నిరుడు మావాళ్ళు దాన్ని రద్దు చేసి పంపించేశారు, అందులో కొంత డబ్బు ఆరేళ్ళు కట్టుకుంటూ పోవాలి. పాపం అతను 1,078 మ్యాచ్‌లు ఆడాక, ఈ ఏడే, అదీ ఎడ్మంటన్ వెళ్ళాకే, మొదటి ప్లేఆఫ్స్ మ్యాచ్ ఆడాడు. అంటే ఈ ఫైనల్‌లో రెండు వైపులా మా ఇంటి మనుషులే, మేం తప్ప.

న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఓ'రైలీని ఇచ్చినప్పుడు వచ్చినవాళ్ళలో టేజ్ థాంప్సన్ ఉన్నాడు, మొన్న సీజన్లో 44 గోల్స్ కొట్టాడు. బంగారం లాంటి ఆటగాడు. అందుకే భయం, అతన్ని కూడా ఎక్కడ పంపేస్తారో అని.

కరెంటు పోయింది. వైఫై కూడా పోయింది. ఈలోపు మీకు పూతరేకులు చూపిస్తాను, నిన్న ఆత్రేయపురం నుంచి బాబాయి తెచ్చాడు, బెల్లంవి. అక్కడ ఇండియన్ స్టోర్‌లో పది ముక్కల డబ్బా పన్నెండు డాలర్లకి కొన్నానొకసారి, వెయ్యి రూపాయల పైన, తెరిస్తే అన్నీ పొడి. ఇది చూడండి, కాగితంలా ఎలా మడత పడుతుందో. మా వాడు లేచిందే దీని కోసం.

వచ్చింది, వచ్చింది. రెండు సున్నా అయిపోయింది, మొదటి భాగం అయిపోయింది.

ఈ విరామంలో నా గుండెల్లో ముల్లు చెప్తాను. 2022-23 సీజన్‌లో మాకు 91 పాయింట్లు. ప్లేఆఫ్స్‌లో చివరి బెర్త్ 92 పాయింట్లతో ఇదే ఫ్లోరిడాకి వెళ్ళింది. ఒక్క పాయింటు! ఆ ఫ్లోరిడా ఫైనల్ దాకా వెళ్ళింది, ఫైనల్‌లో ఎదురుగా ఎవరనుకున్నారు, ఐకెల్ ఉన్న వేగాస్. ఒకవైపు రైన్‌హార్ట్, ఒకవైపు ఐకెల్. ఇద్దరూ మేం డ్రాఫ్ట్‌లో రెండో నంబరులో తీసుకున్న పిల్లలే. ఆ రాత్రి నేను టీవీ ఆపేసి వంటింట్లో కూర్చున్నాను. మా వారు టీ పెట్టిచ్చి ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు.

మరి వీళ్ళు ఏం చేస్తారు? కోచ్‌ని మారుస్తారు. లిండీ రఫ్ అని పదిహేనేళ్ళు చేసిన పెద్దాయన్ని 2013లో తీసేశారు. తర్వాత పదకొండేళ్ళలో ఆరుగురు వచ్చారు, వెళ్ళారు. ఏడోసారి ఎవర్ని తెచ్చారంటే, 2024లో మళ్ళీ ఆ రఫ్‌నే. కొత్తాయన వచ్చినప్పుడల్లా కొత్త పద్ధతి, కుర్రాళ్ళు నేర్చుకున్నది మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి. 2021లో వరసగా 18 మ్యాచ్‌లు గెలవలేదు, మధ్యలో కోచ్‌ని తీసేశారు. మొన్న నవంబరు డిసెంబర్లలో వరసగా 13 గెలవలేదు.

నాన్న అన్నీ విని, "లస్కర్ని మారిస్తే డ్రెయిన్లో పూడిక పోతుందా?" అన్నారు. లస్కరంటే కాలవలు చూసుకునే మనిషి. మా ఊరివాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు చూడండి, మా రెండెకరాలు కూడా బీడు పెట్టారు. నీళ్ళు లేక కాదు, ఉన్న నీళ్ళు పోయే దారి లేక. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, చేను నిండా ముంపు. ఆఫీసర్లు మారారు, పూడిక అలాగే ఉంది అంటారాయన. బఫెలో కథ ఆయనకి నాకంటే త్వరగా అర్థమైంది. టీమ్ ఓనరు మారలేదు, ఆయన కొన్నదీ 2011 లోనే. డబ్బు లేదా అంటే అదీ కాదు. ఏ టీమైనా జీతాలకి మొన్న సీజన్‌లో 88 మిలియన్ డాలర్లు మించకూడదు, దాదాపు 750 కోట్లు. ఫ్లోరిడాకీ అంతే, మాకూ అంతే.

ఇంతకీ అసలు కోపం వచ్చిన మాట చెప్పలేదు. మొన్న డిసెంబరులో, ఓటముల మధ్య, మా జనరల్ మేనేజర్ ప్రెస్ మీట్‌లో ఏమన్నారంటే, బఫెలోలో పామ్ చెట్లు లేవు, న్యూయార్క్‌లో పన్నులున్నాయి, అందుకని బయటి ఆటగాళ్ళు రావడం కష్టం అన్నట్టు చెప్పారు. పామ్ అంటే వాళ్ళ లెక్కలో కొబ్బరి, తాడి అన్నీ వస్తాయి. స్టేడియానికి జనం గాలి ఊదే ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు పట్టుకెళ్ళారు. నాకు మాత్రం కడుపు మండింది. ఏడడుగుల మంచులో పారతో దారి చేసుకుని నా తలుపు కొట్టిన ఊరు అది. చెట్లు లేవని ఎలా అంటారు దాన్ని? వచ్చినవాళ్ళని నిలబెట్టుకోవడం చేతకాదని ఒప్పుకోవాలి గానీ.

ఇది చెబితే నాన్న కాసేపు తోట వైపు చూశారు. "చెట్లుంటే మనుషులు ఉండిపోతారా అమ్మాయ్, ఇక్కడ ఇన్నున్నాయి, మీరెవరున్నారు?" అన్నారు.

ఆ ముక్క ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నాను. ఉంచేస్తున్నాను. అన్నయ్య సింగపూర్‌లో, నేను బఫెలోలో. అమ్మ పోయి రెండేళ్ళు.

మ్యాచ్ అయిపోవచ్చింది. రెండో భాగంలో ఇంకొకటి కొట్టాడు రైన్‌హార్ట్. ఇప్పుడు ఎడ్మంటన్ గోలీని తీసేసి ఇంకో ఆటగాడిని దింపారు, తెగించినప్పుడు అలా చేస్తారు, గోల్ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గోల్‌లోకి మూడోది. ఒకడు మూడు కొడితే జనం టోపీలు విసురుతారు, అదిగో. ఇంకొకటి! నాలుగు. ఒక్కడే నాలుగు. ఐదు ఒకటితో గెలిచారు, కప్పు వరసగా రెండో ఏడు ఫ్లోరిడాకే. నాకు సంతోషంగానే ఉంది, ఏడుపూ వస్తోంది. మంచి పిల్లాడు, మాతో ఉండగా కూడా కష్టపడి ఆడాడు.

మా వాడు అడుగుతున్నాడు, అక్టోబరులో మనం మ్యాచ్‌కి వెళ్తామా అని. వెళ్తాం నాన్నా. పైవరస టికెట్ డెబ్భై డాలర్లు, ముగ్గురికి పద్దెనిమిది వేలు, పార్కింగ్ ఇంకో రెండు వేలు. గెలుస్తారని కాదు, ఆ పక్కింటి పెద్దావిడ లేకపోయినా ఆవిడ సీటు వైపు చూసి ఒకసారి అరవాలి.

మా వాడు ఎండిన కొబ్బరి మట్ట తెచ్చి, పిందెని పక్ చేసుకుని వాకిట్లో కొడుతున్నాడు. కొబ్బరికాయల దింపువాళ్ళు వచ్చేశారు, ఈ రోజు మా దింపు. ఆ కంచె పక్క చెట్టు కూడా ఎక్కుతారా అని అడిగాను.

"ఆయ్, దానితోనే మొదలండి. ఆ గెలలు చూశారా? కొంచెం అవతలికి జరగండమ్మా, బాబుని కూడా లోపలికి తీసుకెళ్ళండి, కాయలు పడతాయి."

జరుగుతున్నాం అండీ. వీడియో ఆపేస్తున్నాను.