రాయని అధికారాలు ఎక్కడివి?

మిత్రులారా,

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్‌లో కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) అధికారాల జాబితా ఉంది. పన్నులు వేయొచ్చు, అప్పు తేవొచ్చు, నాణేలు ముద్రించొచ్చు, సైన్యాన్ని పోషించొచ్చు. బ్యాంకు ఊసే లేదు. అయినా 1791లో కాంగ్రెస్ జాతీయ బ్యాంకు పెట్టింది.

ఏ అధికారంతో అని అడిగితే అందరూ చూపించేది ఆ సెక్షన్‌లో ఆఖరిదైన 18వ క్లాజు. ఇచ్చిన అధికారాలను అమలు చేయడానికి 'అవసరమూ సముచితమూ' అయిన చట్టాలు చేయొచ్చంటుందది. నా దృష్టిలో అది రెండో సాక్షి. మొదటి ఆధారం అధికారాలు ఇచ్చిన తీరులోనే ఉంది.

అంతకుముందున్న సమాఖ్య ఒడంబడిక, 'స్పష్టంగా' అప్పగించని అధికారమంతా రాష్ట్రాలదేనంది. తర్వాత పదో సవరణగా మారిన, కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలకే ఉంటాయన్న ప్రతిపాదన 1789లో చర్చకొచ్చినప్పుడు, అందులోనూ ఆ మాట పెట్టాలని దక్షిణ కెరొలైనా సభ్యుడు టక్కర్ కోరారు. ఆ ప్రతిపాదన తెచ్చిన సభ్యుడు మాడిసన్ కాదన్నారు. ప్రతి చిన్న వివరమూ రాజ్యాంగంలో రాయలేం, కొన్ని అధికారాలు ఉన్నట్టే అనుకోక తప్పదన్నారు. ఆ మాట చేరలేదు. తమాషా ఏమిటంటే, రెండేళ్లకే అదే మాడిసన్ బ్యాంకు రాజ్యాంగవిరుద్ధమని సభలో వాదించారు. 1816లో అధ్యక్షుడిగా రెండో బ్యాంకు బిల్లు మీద సంతకమూ పెట్టారు!

ఆ బ్యాంకు బాల్టిమోర్ శాఖ మీద మేరీలాండ్ పన్ను వేసింది. క్యాషియర్ మెకలాక్ కట్టలేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1819 తీర్పులో ప్రధాన న్యాయమూర్తి మార్షల్ నేరుగా 18వ క్లాజును పట్టుకోలేదు, గమనించండి. పెద్ద అధికారాలు ఇచ్చారంటే వాటిని నడిపే సాధనాలను ఎంచుకోనిచ్చినట్టేనని ముందు తేల్చారు. ఆ తర్వాతే క్లాజు. 'అవసరం' అంటే అది లేనిదే గడవనిదని మేరీలాండ్ వాదన. అదే అధికరణం పదో సెక్షన్‌లో 'అత్యంత అవసరం' అని రాసినవాళ్లు ఇక్కడ అలా రాయలేదే అన్నారు మార్షల్. పైగా ఈ క్లాజు అధికారాల వరుసలో ఉంది, ఆంక్షలున్న తొమ్మిదో సెక్షన్‌లో కాదు.

కాంగ్రెస్ కమిటీలు సాక్షులను రప్పించే అధికారమూ ఎక్కడా రాసి లేదు. సమాచారం లేకుండా చట్టం చేయలేరు గనుక అది శాసనాధికారంలో భాగమేనని 1927లో సుప్రీంకోర్టు తేల్చింది. అంతర్యుద్ధం తర్వాత వచ్చిన 13, 14, 15వ సవరణలు మాత్రం ఈ తిప్పలు పెట్టవు. అమలుకు తగిన చట్టాలు చేసే అధికారాన్ని విడిగా రాసే ఇచ్చాయి.

మరి హద్దు? ఆరోగ్య బీమా కొనితీరాలన్న నిబంధన 2012లో కోర్టు ముందుకొచ్చింది. రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే వాణిజ్య అధికారం దాన్ని మోయలేదని, 18వ క్లాజును జోడించినా లాభం లేదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అన్నారు. చివరికి ఆ నిబంధన నిలబడింది అదే సెక్షన్‌లోని మొదటి క్లాజు మీద, పన్ను వేసే అధికారం కింద.