జ్వాలాపురం బూడిద, ఇల్లెందు బొగ్గు

శ్రోతలకు నమస్కారం.

మా మేనమామ ఒకాయన ఉన్నాడు. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, నాతో వాదన పెట్టుకుంటాడు. "ఏం అల్లుడూ, ఎండలు ఎప్పుడు లేవు చెప్పు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాతల నాటి నుంచీ అంటూనే ఉన్నారు. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది. ఇప్పుడే కొంప మునిగినట్టు మీ టెన్షన్ ఏంటి?" అంటాడు. ఆయన మాటలో సగం నిజం ఉంది. ముందు ఆ సగం సంగతే చూద్దాం.

ఒకసారి డాబా మీదికి వెళ్దాం రండి. డిసెంబరులో, ఆదిలాబాద్ వైపు, రాత్రి పదింటికి. ఆకాశం తేటగా ఉంటుంది. చుక్కలు చేతికి అందేలా కనిపిస్తాయి. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటాయి. పగలంతా నేల తాగిన వేడి, కంటికి కనపడని కిరణాలుగా పైకి వెళ్లిపోతూ ఉంటుంది. గాలి పొడిగా ఉంది కాబట్టి దానికి పెద్దగా అడ్డు లేదు. ఇప్పుడు మే నెలలో విజయవాడ డాబా ఎక్కుదాం. పొద్దు గుంకి నాలుగు గంటలైనా చల్లబడదు. పిట్టగోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంటుంది. గాలి నిండా నీటి ఆవిరి. నేల పైకి పంపే వేడిని ఆ ఆవిరి పట్టుకుని, అందులో కొంత మళ్లీ మన మీదికే పంపుతుంది. ఉక్కపోతలో చెమట ఆరకపోవడం ఒక ఎత్తు, రాత్రి చల్లబడకపోవడం ఇంకో ఎత్తు.

భూమి మొత్తానికీ ఇదే లెక్క. సూర్యుడి నుంచి వచ్చేది జమ, అంతరిక్షంలోకి తిరిగి పోయేది ఖర్చు. వచ్చిన వెలుగులో నూటికి 30 పాళ్లను మబ్బులు, మంచు, ఇసుక నేలలు తిప్పి కొట్టేస్తాయి. మిగిలినది నేలకూ, సముద్రానికీ, గాలికీ చేరి, వేడిగా మారి బయటికి పోవాలి. గాలిలో వేడిని పట్టుకునే వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండేది. అవి ఉండబట్టి సుమారు 15 డిగ్రీల దగ్గర బతుకుతున్నాం. చిత్రమేమిటంటే, గాలిలో నూటికి 99 పాళ్లు ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఈ పని చెయ్యవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి కొసరు వాయువులే చేస్తాయి.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి, లోపల థర్మామీటర్లు పెట్టి, ఎండలో ఉంచి చూసింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ చాలాసేపు పట్టింది. మూడేళ్ల తర్వాత లండన్‌లో జాన్ టిండాల్ ఇంకా పకడ్బందీ పరికరాలతో, ఈ వాయువులు వేడి కిరణాలను మింగుతాయని తేల్చాడు. మన పాత పాఠ్యపుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అనేవారు. పిల్లలు నవ్వుకునే పేరే గానీ, నాకు ఇప్పటికీ ఆ పేరే ఇష్టం. అది ఎక్కడి నుంచి వస్తోందో పేరులోనే ఉంది.

ఇక మామయ్య చెప్పే సగం నిజం. వాతావరణం మారుతూనే వచ్చింది, ఎంతలా మారిందో వింటే ఆయనే నోరెళ్లబెడతాడు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన గోదావరి లోయ ప్రాంతంలో మంచు గడ్డలు పారాయి! అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరలో, గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండేది. ఆ పేరు గోండుల నేల నుంచి వచ్చిందే. మంచునదులు ఈడ్చుకొచ్చి పడేసిన బండరాళ్ల పొరలు ఇప్పటికీ మన బొగ్గు పొరల అడుగున ఉన్నాయి. ఖండాలు జరగడం కూడా వాతావరణాన్ని మారుస్తుంది. కాకపోతే అది కోట్ల ఏళ్ల పని.

భూమి నడకలోనూ తేడాలుంటాయి. సూర్యుడి చుట్టూ తిరిగే దారి కొంచెం సాగుతుంది, కొంచెం గుండ్రమవుతుంది. ఇరుసు వాలు ఇరవై రెండు డిగ్రీల నుంచి ఇరవై నాలుగున్నర దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది, ఒక్కో ఆవృత్తికి 41,000 ఏళ్లు. సెర్బియాకు చెందిన మిలాంకోవిచ్ ఈ లెక్కలన్నీ చేత్తో కట్టాడు. మంచు యుగాలు రావడానికీ పోవడానికీ ఈ నడకే తాళం తీస్తుంది. 20,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. కానీ ఈ లెక్క ప్రకారం ఇప్పుడు మనం మెల్లగా చల్లబడే వైపు ఉండాలి.

అగ్నిపర్వతాల మాటా చెప్పాలి. నంద్యాల జిల్లాలో, జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. పేరు చూసి పొరబడొద్దు, అక్కడ అగ్నిపర్వతం లేదు. కానీ మట్టి తవ్వితే తెల్లటి మెత్తటి బూడిద పొర కనిపిస్తుంది. కొన్ని చోట్ల ఆరడుగులకు పైగా మందం. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద అది. ఆ పొరకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంటే బూడిద వాన కురవకముందూ, కురిశాకా ఆ లోయలో మనుషులు ఉన్నారన్నమాట.

అంత పెద్ద పేలుడు ఎంత చలి తెచ్చిందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదనలున్నాయి. మనం కొలిచి చూసిన చిన్న పేలుడు ఒకటుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో పేలింది. దాని గంధకపు పొగ ఆకాశంలో పైకెక్కి, సన్నటి గంధకామ్లపు తుంపరలుగా మారి, ఎండకు పరదా కట్టింది. భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది. రెండు మూడేళ్లకు ఆ తుంపరలు దిగిపోయాయి, వేడి మళ్లీ మామూలుకు వచ్చింది. అగ్నిపర్వతం పని అంత. వచ్చి పోయే చుట్టం.

సముద్రమూ ఊరుకోదు. మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకున్న ధాత కరువు 1876లో మొదలైంది. ఆ మరుసటేడు పసిఫిక్‌లో బలమైన ఎల్ నినో వచ్చిందని ఇప్పుడు తెలుసు. ఎల్ నినో అంటే పసిఫిక్ తూర్పు భాగం మామూలుకన్నా వేడెక్కడం, అప్పుడు మన నైరుతి రుతుపవనాలు తరచూ మొరాయిస్తాయి. 1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ లెక్కల గుట్టలు తిరగేసి ఈ సముద్రాల బంధుత్వాన్ని పట్టుకున్నాడు. అయితే ఎల్ నినో కొత్త వేడిని పుట్టించదు. సముద్రంలో దాచిన వేడిని గాలికి అప్పిస్తుంది, అంతే.

మరి ఇప్పటి వేడి ఎవరి పని? ఇక్కడే మామయ్య రెండో సగం తేలిపోతుంది. సూర్యుడే వేడెక్కి ఉంటే వాతావరణం కిందా పైనా రెండూ వేడెక్కాలి. కానీ మనం ఉండే కింది పొర వేడెక్కుతుంటే, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కింద వేడి చిక్కుకుపోతే జరిగే తీరు ఇది. పైగా 1978 నుంచీ ఉపగ్రహాలు సూర్యుడిని కొలుస్తూనే ఉన్నాయి, అక్కడ పెరుగుదల లేదు.

అగ్నిపర్వతాలు వదిలే కార్బన్ డయాక్సైడ్ అంటారా, మనం వదిలే దానిలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. ఇంకో గట్టి సాక్ష్యం బొగ్గులోనే ఉంది. బతికున్న చెట్టులో కార్బన్-14 అనే రకం కాస్త ఉంటుంది. చెట్టు చచ్చాక ప్రతి 5,730 ఏళ్లకు అది సగమవుతుంది. పాతిక కోట్ల ఏళ్లకు పైగా పూడి ఉన్న బొగ్గులో అది బొత్తిగా మిగలదు. ఆ బొగ్గు, దానితోపాటు పెట్రోలు కాల్చే కొద్దీ గాలిలోని కార్బన్‌లో కార్బన్-14 వాటా పలచబడుతుంది. పాలల్లో నీళ్లు కలిస్తే పట్టుకున్నట్టు, శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు.

గాలిలో ఎంత చేరిందో కూడా తెలుసు. అంటార్కిటికా మంచులో చిక్కిన పాత గాలి బుడగల్ని కొలిస్తే, 8 లక్షల ఏళ్లలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 180 నుంచి 300 మధ్యే ఊగింది. యంత్రాల కాలానికి ముందు 280. చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలత మొదలుపెట్టినప్పుడు సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. 12 కిలోల కార్బన్ కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది కదా. ఇంధనాలు కాల్చి ప్రపంచం ఏటా వదిలేది దాదాపు 3,700 కోట్ల టన్నులు. 1850–1900 నాటితో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీల గీత దాటిన మొదటి సంవత్సరం 2024. అందులో ఎల్ నినో వాటా కొంత ఉంది, అది నిజమే.

ఒకటిన్నర డిగ్రీ ఏపాటి, ఏసీ రిమోట్ మీద ఒకటి రెండు నొక్కులు అనుకుంటాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. చేరిన అదనపు వేడిలో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రాల్లోకే పోతోంది. అలాంటి బంగాళాఖాతం మీదినుంచి వచ్చే మబ్బు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లు మునిగినప్పుడు చాలామంది నన్ను ఇదే అడిగారు. ఒక్క వానను చూపించి ఇది ఫలానా దానివల్లే అనడం తొందరపాటు. ఏరు పారే దారిలో కట్టుకున్న ఇళ్ల లెక్కా అందులో ఉంటుంది. కానీ అలాంటి వానలు పడే వీలు పెరిగిందన్న మాట మాత్రం వాస్తవం.

మామయ్యతో మొన్న ఇదంతా చెబితే, "అయితే ఆపేస్తే తగ్గిపోతుందిగా, నీ పినతుబో పొగలాగా" అన్నాడు. మంచి ప్రశ్నే వేశాడు. నీటి ఆవిరి పది రోజుల్లో వానై దిగిపోతుంది. గంధకం రెండు మూడేళ్లలో దిగుతుంది. టోబా బూడిద ఏనాడో కిందికి వచ్చి జ్వాలాపురంలో పొరగా పడి ఉంది, వెళ్తే చేత్తో ముట్టుకోవచ్చు. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. కొంత చెట్లకు, కొంత సముద్రానికి పోగా, మిగిలిన పాలు వేల ఏళ్లు గాలిలోనే తిరుగుతుంది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ దొరికింది, 1889లో తవ్వకం మొదలైంది. ఆ మొదటి బొగ్గు ఏ ఇంజను పొయ్యిలోనో నూటముప్పై ఏళ్ల కిందటే కాలి ఉంటుంది. దాని పొగలో కొంత ఈ రాత్రి మన డాబాల మీద ఉంది.

సెలవు. నమస్కారం.