గట్టి రబ్బరు పిచ్చి ఇక ఆపండి! బరువు మోసేది పొర మందం

బ్రిడ్జి బేరింగుల (వంతెన దూలానికీ స్తంభానికీ మధ్య పెట్టే రబ్బరు దిమ్మల) మీద గొడవంతా హార్డ్‌నెస్, అంటే రబ్బరు గట్టిదనం అంకె గురించే కదా. 70 ఉంటే భేషట, 50 అయితే నాసిరకమట! నేను అడ్డంగా కాదంటున్నా. బరువు ఆపేది రబ్బరు గట్టిదనం కాదు, పొర మందం: పొర ఎంత పల్చనైతే అంత మోస్తుంది.

లెక్క చూడండి. హార్డ్‌నెస్ 50 నుంచి 70కి పెంచితే షియర్ మాడ్యులస్ (పక్కకి తోస్తే రబ్బరు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) సుమారు 0.7 నుంచి 1.15 మెగాపాస్కల్‌కి వెళ్తుంది. రెట్టింపు కూడా కాలేదు. ఇప్పుడు రబ్బరు మార్చొద్దు. 0.8 మాడ్యులస్, 400 మి.మీ. చదరం, 100 మి.మీ. మందం. పైనా కిందా మాత్రమే ప్లేట్లు అతికించి 32 టన్నులు పెడితే దాదాపు 25 మి.మీ. కుంగుతుంది. అదే రబ్బరుని 10 మి.మీ. చొప్పున పది పొరలు చేసి మధ్యలో స్టీలు ప్లేట్లు అతికించండి... అర మిల్లీమీటరు! యాభై రెట్లు! పక్కకి తోస్తే మాత్రం రెండూ ఒకటే, మిల్లీమీటరు జరగడానికి దాదాపు 130 కిలోల బలం. గట్టి రబ్బరు వేశారా, ఈ పక్కకి కదిలే గుణమే చంపేశారు.

కిటుకేంటంటే, రబ్బరు ఘనపరిమాణం దాదాపు మారదు. నొక్కితే పక్కలకి ఉబ్బాలి. ఉబ్బనివ్వకుండా పట్టుకునేది ప్లేటు. చదరం భుజాన్ని పొర మందానికి నాలుగు రెట్లతో భాగిస్తే షేప్ ఫ్యాక్టర్; అది ఎంత పెరిగితే ప్లేటు పట్టు అంత గట్టిది. మన ప్యాడ్‌లో అది 1 నుంచి 10కి ఎక్కింది.

నమ్మరా? ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే వెళ్దాం. 1963 భూకంపం తర్వాత అక్కడ కట్టిన పెస్టలోజ్జి స్కూలు కింద 1969లో రబ్బరు దిమ్మలు పెట్టారు, లోపల ఒక్క స్టీలు ప్లేటు కూడా లేదు! భవనం బరువుకే పక్కలకి ఉబ్బిపోయాయి. తర్వాత వాటిని తీసి ప్లేట్లున్న బేరింగులు పెట్టాల్సొచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలండీ?

సరే, పొరలున్నా ఎందుకు పాడవుతాయి? మోల్డులో ప్లేటు 2 మి.మీ. జారిందనుకోండి. ఒక పొర 8, పక్కది 12. ఆ 12 పొర అంచులో షియర్ (రబ్బరు పక్కకి సాగడం) 20 శాతం పెరుగుతుంది, విడిపోవడం అక్కడే మొదలు. హార్డ్‌నెస్ మీటరు పై తోలు మీద గుచ్చితే ఇది కనబడుతుందా? చచ్చినా కనబడదు. పైకి లాగే బలం ఇంకా ప్రమాదం. నొక్కుడులో 10 మెగాపాస్కల్ మోసే పొర, లాగుడులో 2 దగ్గరే లోపల బుడగలా చిరుగుతుంది, బయటికి గీత కూడా పడదు.

ఊడిన బేరింగు దొరికితే ప్లేటు మీద వేలుతో రుద్ది చూడండి. రెండు వైపులా చిరిగిన రబ్బరు అంటుకుని ఉంటే తప్పు రబ్బరుది, లేదా దాని మీద పడ్డ లోడుది. లోహం నున్నగా మెరుస్తుంటే తప్పు అతుకుది: గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రేణువులు చిమ్మి ప్లేటుని శుభ్రం చేసి గరుకు చేయడం) సరిగా చేయలేదు, జిడ్డు తుడవలేదు, లేదా ప్రైమర్ (అతుకు కోసం ముందు పూసే పూత) ఆరకముందే అంటించేశారు. అలాంటప్పుడు హార్డ్‌నెస్ సర్టిఫికెట్ చూపిస్తే పక్కన పెట్టి, బ్లాస్టింగ్ రికార్డు అడగండి.