డైనింగ్ టేబుల్ మీద ఆల్జీబ్రా: అట్టముక్కలు, డబ్బా, డెస్మోస్

నమస్తే అండీ. ఈరోజు వ్లాగ్‌లో షాపింగూ లేదు, ట్రిప్పూ లేదు. డైనింగ్ టేబుల్ మీద ఒక కార్డ్‌స్టాక్ షీటు, కత్తెర, స్కేలు, ఎర్ర మార్కర్, పక్కన ల్యాప్‌టాప్. ఆల్జీబ్రా వన్ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ల కోసం ఈ వీడియో. అమెరికాలో ఎక్కువ స్కూళ్లలో అది ఎయిత్ గ్రేడ్‌లోనో నైన్త్ గ్రేడ్‌లోనో వస్తుంది. పేచీ కూడా అక్కడే మొదలవుతుంది.

మనం ఊళ్లో నేర్చుకున్నది మధ్యపదాన్ని విడదీయడం. ఎక్స్² + 5ఎక్స్ + 6 ఇస్తే 5ఎక్స్‌ని 2ఎక్స్, 3ఎక్స్ చేసి, జంటలు కట్టి, ఉమ్మడి కారణాంకం బయటికి తీస్తాం. పిల్లలు ఇక్కడి స్కూల్ నుంచి తెచ్చేది నాలుగు గళ్ల డబ్బా. నాన్న "ఇదేం పద్ధతిరా" అంటారు, వాడు "మా టీచర్ అలా చెప్పలేదు" అంటాడు. నిజానికి ఇద్దరూ చేస్తున్నది ఒకటే లెక్క: ఒక దీర్ఘచతురస్రం వైశాల్యం తెలుసు, భుజాలు కనుక్కోవాలి. ఈ మాట నోటితో చెప్తే ఎక్కదు. చేత్తో పేర్పించాలి.

ముందు ముక్కలు కోసుకుందాం. లెటర్ సైజు షీటు 21.6 సెంటీమీటర్ల వెడల్పు, 27.9 పొడవు ఉంటుంది. యూనిట్ ముక్క 2×2 సెంటీమీటర్లు, ఎక్స్ పట్టీ 7×2, ఎక్స్² ముక్క 7×7. షీటు పైనుంచి మొదటి 7 సెంటీమీటర్ల వరుసలో రెండు పెద్ద చతురస్రాలు, మూడు పట్టీలు పడతాయి. తర్వాతి రెండు వరుసల్లో పదేసి పట్టీలు. కింద మిగిలిన 6.9 సెంటీమీటర్లలో మూడు వరుసల యూనిట్లు, వరుసకి పది. మొత్తం 2 చతురస్రాలు, 23 పట్టీలు, 30 యూనిట్లు. ఇంట్లో చేసే లెక్కలకి ఇవి సరిపోతాయి. ప్రతి ముక్కకీ వెనకవైపు ఎర్ర మార్కర్ పూసేయండి, అది మైనస్ వైపు.

పట్టీ పొడవు 7 ఎందుకంటే, అందులో 2 నిశ్శేషంగా పోదు. 8 పెట్టారనుకోండి, పిల్లలు పక్కన నాలుగు యూనిట్లు పేర్చి "ఓ, ఎక్స్ అంటే 4" అని తేల్చేస్తారు. ఇక ఆ చలరాశి చచ్చిపోయినట్టే. 7 అయితే మూడు యూనిట్లు చాలవు, నాలుగు పెడితే మించిపోతాయి. ఎక్స్ ఎంతో తెలీదన్న సంగతి అట్టే చెప్పేస్తుంది.

ఇప్పుడు ఎక్స్² + 5ఎక్స్ + 6. ఒక చతురస్రం, ఐదు పట్టీలు, ఆరు యూనిట్లు టేబుల్ మీద పెట్టి ఒకటే షరతు చెప్పండి: ముక్కలన్నీ వాడాలి, సందు లేకుండా ఒక దీర్ఘచతురస్రం రావాలి. చతురస్రం పైన ఎడమ మూలకి. పట్టీలు కొన్ని దాని కుడిపక్కన నిలువుగా, మిగతావి కింద అడ్డంగా. యూనిట్లు ఆ మిగిలిన మూలలోకి. ఇంతకు మించి చెప్పకండి. కొందరు కుడికి నాలుగు, కిందకి ఒకటి పెడతారు. మూలలో 4 యూనిట్లే పడతాయి, రెండు మిగిలిపోతాయి. మూడు, రెండు పెడితే మూలలో సరిగ్గా 6. అప్పుడు పై అంచు చదవమనండి: ఎక్స్ + 3. పక్క అంచు: ఎక్స్ + 2. కారణాంకాలు దొరికాయి. "కూడితే 5, గుణిస్తే 6" అన్న మన పాత సూత్రం కూడా ఇక్కడే ఉంది. కూడిక అంటే పట్టీల పంపకం, గుణకారమంటే ఆ మూల.

ఒక్కోసారి యూనిట్లని పట్టీ పొడుగు వెంబడి అతికిస్తారు. వెంటనే దిద్దకండి. 7 సెంటీమీటర్ల అంచుకి 2 సెంటీమీటర్ల ముక్కలు ఎలా పెట్టినా కలవవు, వాళ్లే తీసేస్తారు.

తర్వాత ఇంకో యూనిట్ చేతికిచ్చి, ఆరు బదులు ఏడుతో చేయమనండి. రాదు. ఎందుకు రాదో వాళ్లతోనే పట్టిక రాయించండి. ఐదు పట్టీల్ని 4, 1గా పంచితే మూల 4. 3, 2గా పంచితే 6. ఒక పట్టీని నిలువునా సగానికి చీల్చి రెండున్నర, రెండున్నర చేస్తే 6.25. ఎలా పంచినా అంతకన్నా పెద్ద మూల రాదు. 7 అంటే అసాధ్యం. టెన్త్ పుస్తకంలో మనం బట్టీపట్టిన విచక్షణి (బి² − 4ఎసి) ఇదే: 25 − 28, జవాబు రుణాత్మకం, వాస్తవ మూలాలు, అంటే దాన్ని సున్నా చేసే ఎక్స్ విలువలు, లేవు. మరి 5 యూనిట్లయితే? 4కీ 6కీ మధ్యలో ఉంది కాబట్టి పంపకం ఉంది, కాకపోతే పూర్ణ సంఖ్యల్లో లేదు. దాదాపు 3.618, 1.382. కత్తెరతో అంత కచ్చితంగా చీల్చలేం, అందుకే సూత్రం కావాలి. క్వాడ్రాటిక్ ఫార్ములా ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇక డబ్బా. 2ఎక్స్² + 7ఎక్స్ + 3 తీసుకుందాం. నాలుగు గళ్లు గీసి పైన ఎడమవైపు 2ఎక్స్², కింద కుడివైపు 3 రాయండి. మిగిలిన రెండు గళ్లలోకి 7ఎక్స్‌ని పంచాలి. ఎలా? మనం 2ని 3తో గుణించి 6 తెచ్చుకుని, గుణిస్తే 6, కూడితే 7 అయ్యే 6, 1 వెతుకుతాం. ఆ 2నీ 3నీ ఎందుకు గుణించాలో మనలో చాలామందికి స్కూల్లో ఎవరూ చెప్పలేదు. డబ్బాలో అది కనిపిస్తుంది: ఎదురెదురు మూలల లబ్ధాలు ఎప్పుడూ సమానం. 2ఎక్స్² ఇంటూ 3 అంటే 6ఎక్స్². కాబట్టి మిగతా రెండు గళ్ల లబ్ధం కూడా 6ఎక్స్² కావాలి. 6ఎక్స్, ఎక్స్. అంతే. పై వరుసలో 2ఎక్స్², 6ఎక్స్, ఉమ్మడిది 2ఎక్స్. కింది వరుసలో ఎక్స్, 3, ఉమ్మడిది 1. నిలువు వరుసలకి ఎక్స్, 3. జవాబు (2ఎక్స్ + 1)(ఎక్స్ + 3).

మార్కులు పోయేది ఆ 1 దగ్గరే. ఉమ్మడిగా ఏమీ లేదని ఆ అంచు ఖాళీగా వదిలేస్తారు, కారణాంకం 2ఎక్స్ అయి కూర్చుంటుంది. ఖాళీ అంచు ఉండకూడదని ముందే షరతు పెట్టండి.

మైనస్‌ల దగ్గర అట్టముక్కలు కొంచెం మొండికేస్తాయి. ఎక్స్² − ఎక్స్ − 6కి చేతిలో ఉన్నది ఒక్క ఎర్ర పట్టీ. దీర్ఘచతురస్రానికి కావలసింది మామూలు పట్టీలు రెండు, ఎర్రవి మూడు. అంటే సున్నా జంటలు, ఒక మామూలుది ఒక ఎర్రది, రెండుసార్లు బయటినుంచి తెచ్చి కలపాలి. మొత్తం విలువ మారదు, ఖాళీ నిండుతుంది. ఇది పిల్లలకి తమంతట తట్టదు, చూపించాల్సిందే. ఒకటి రెండు లెక్కలు ఇలా చేయించి, మైనస్‌లన్నీ డబ్బాకి మార్చేయడం మేలు. ఎర్ర వైశాల్యం అంటే ఏమిటని అడిగే పిల్ల దగ్గర అట్టకి సమాధానం లేదు.

కత్తెర పని వద్దనుకుంటే పాలీప్యాడ్ ఉంది. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఉచితం, సేవ్ చేసుకోవాలంటేనే లాగిన్ కావాలి. ఆల్జీబ్రా టైల్స్ లాగి తెరమీద పెట్టుకోవచ్చు, తిప్పుకోవచ్చు. నా ఓటు మాత్రం ముందు అట్టకే. తెరమీద ముక్కలు ఎన్ని లాగితే అన్ని వస్తాయి, "ఇంకా రెండు మిగిలాయే" అన్న ఇబ్బంది తగలదు. ఆ ఇబ్బందే ఇక్కడ పాఠం. పాలీప్యాడ్ వాడితే కావలసిన పన్నెండు ముక్కలు మీరే బయట పెట్టి, ఇక కొత్తవి లాగొద్దని చెప్పండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరుద్దాం. డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌కి లాగిన్ అక్కర్లేదు. మొదటి గడిలో వై ఈక్వల్స్ ఎక్స్² + 5ఎక్స్ + సి టైప్ చేస్తే సికి స్లైడర్ పెట్టమంటారా అని అదే అడుగుతుంది. పెట్టమనండి. మామూలుగా −10 నుంచి 10 వరకు ఇస్తుంది. ఆ చివరి అంకె మీద నొక్కి 0 నుంచి 10కి మార్చి, స్టెప్ 0.25 చేయండి.

స్లైడర్ మీద పిల్లల చెయ్యి పడకముందే కాగితం మీద ఊహ రాయించండి. సి 4 అయితే ఆ వంపు గీత (పరావలయం) ఎక్స్ అక్షాన్ని ఎక్కడ కోస్తుంది? 6 అయితే? 7 అయితే? రాశాక జరపమనండి. 4 దగ్గర −4, −1. 6 దగ్గర −3, −2. 6.25 దగ్గర −2.5లో తాకి ఆగుతుంది. 7 దగ్గర పైకి తేలిపోతుంది. ఇందాక అట్టతో రాని లెక్క, ఇక్కడ అక్షాన్ని తాకని గీత. ఊహ రాయించకుండా స్లైడర్ చేతికిస్తే అది బొమ్మ కదిలించే ఆట అయిపోతుంది. గీత పైకీ కిందకీ ఊగుతుంది, బుర్రలో ఏదీ కదలదు.

చిక్కులు రెండున్నాయి. ఒకటి, కారణాంకం ఎక్స్ + 2 అయితే గీత కోసేది −2 దగ్గర. గుర్తు తారుమారైందేంటని అడుగుతారు. ఎక్స్ + 2 సున్నా కావాలంటే ఎక్స్ ఎంతుండాలో అడిగితే చాలు. దీన్ని అట్టతో చూపించబోకండి, సున్నా పొడవున్న భుజం టేబుల్ మీద నిలబడదు. రెండోది ఇంకా జారుడు. స్టెప్ 0.1 ఉంటే స్లైడర్ 6.2 నుంచి 6.3కి దూకేస్తుంది, 6.25 మీద ఆగదు. 6.2 దగ్గర గీత అక్షానికి కేవలం 0.05 కింద ఉంటుంది. మామూలు జూమ్‌లో చూస్తే తాకినట్టే కనబడుతుంది, "ఒకే మూలం" అని రాసేస్తారు. నిజానికి రెండున్నాయి, −2.72, −2.28 దగ్గర. జూమ్ చేయించండి, ఆ తర్వాత లెక్కతో సరిచూడమనండి.

ఈ జాగ్రత్త పెద్ద పరీక్షకీ పనికొస్తుంది. 2024 మార్చి నుంచి అమెరికాలో ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) కంప్యూటర్ మీదే రాస్తున్నారు. పరీక్ష యాప్‌లోనే డెస్మోస్ ఉంటుంది, లెక్కల భాగం మొత్తంలో వాడుకోవచ్చు. "ఎక్స్² + 5ఎక్స్ + సికి ఒకే ఒక్క వాస్తవ మూలం ఉండాలంటే సి ఎంత" తరహా ప్రశ్నకి స్లైడర్ దారి చూపిస్తుంది, కచ్చితమైన జవాబు 25ని 4తో భాగిస్తేనే వస్తుంది. ఇంకో మాట: ఒక్క అక్షాన్ని మాత్రమే సాగదీస్తే వృత్తం కోడిగుడ్డులా అవుతుంది, లంబరేఖలు లంబంగా కనబడవు. ఇంటి బొమ్మ నొక్కితే మొదటి స్కేలు వచ్చేస్తుంది.

జామెట్రీకి జియోజీబ్రా వాడండి. వృత్తం గీసి, మీద ఎ, బి, సి బిందువులు పెట్టి, ఎబి చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, సి దగ్గర చేసే కోణం కొలిపించండి. కేంద్రం దగ్గరది రెట్టింపు రావాలి. 140, 70 రావాల్సిన చోట 220, 290 లాంటివి వస్తే కంగారు పడకండి. కోణం టూల్ అపసవ్య దిశలో కొలుస్తుంది, బిందువుల్ని తిరగేసిన వరుసలో నొక్కితే సరిపోతుంది. లేదా ప్రాపర్టీస్‌లో కోణాన్ని 0 నుంచి 180 మధ్యకి పరిమితం చేయండి. అలా చేశాక సిని లాగి చిన్న చాపం మీదకి తెస్తే 70 కాస్తా 110 అవుతుంది, కేంద్రం దగ్గర మాత్రం 140 అలాగే ఉంటుంది. సిద్ధాంతం తప్పిందా? ఇక్కడ ఆగి పిల్లల్ని అడగండి. ఇప్పుడు సి చూస్తున్నది అవతలి చాపాన్ని, దాని కోణం 360 − 140, అంటే 220. రెట్టింపే.

ఇండియాలో ఉన్న మేనల్లుళ్లకి వీడియో కాల్‌లో చెప్పేవాళ్లుంటే: డెస్మోస్, జియోజీబ్రా యాప్‌లు ఒకసారి ఫోన్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే దీక్షా యాప్‌తో స్కాన్ చేసి ఆ పాఠం తెరవచ్చు. మీ తెర షేర్ చేయడం కన్నా వాళ్ల తెర వాళ్లని షేర్ చేయమనడం మంచిది, స్లైడర్ ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది.

చివరగా నమూనాలు. విజువల్ ప్యాటర్న్స్ అనే సైట్‌లో మొదటి మూడు బొమ్మలిచ్చి 43వ బొమ్మలో ఎన్నుంటాయని అడుగుతారు. 43 ఎందుకంటే, గీసి లెక్కపెట్టడం విసుగు, సూత్రం కట్టక తప్పదు. మన ముగ్గు చుక్కలు దీనికి సిద్ధంగా ఉన్న సరుకు. డ్రైవ్‌వే మీద చాక్‌తో ఎదురు చుక్కలు పెట్టండి, మధ్యలో 7, రెండు పక్కలా 5, 3, 1. మొత్తం 25. చుక్క విడిచి చుక్కకి రంగు మారిస్తే, వాలుగా ఒక 4×4 చతురస్రం, దాని సందుల్లో ఒక 3×3 బయటపడతాయి. 16, 9. మధ్యలో 1 ఉన్నది మొదటి ముగ్గు, 3 ఉన్నది రెండోది అనుకుంటే ఇది నాలుగోది. కాబట్టి 43వ ముగ్గుకి 43² + 42², అంటే 3613.

సందు చుక్క ఇంకా బాగుంటుంది. మధ్యలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37. మధ్య చుక్కని పక్కన పెట్టి మిగిలిన 36ని మూడు రంగుల్లో వేయించండి: ఒక్కో రంగులో వాలుగా మూడు వరుసలు, వరుసకి నాలుగు చుక్కలు, మధ్య చుక్క చుట్టూ గాలిమరలా. మూడు సార్లు 4 ఇంటూ 3, ప్లస్ 1. సంక్రాంతికి వేసే 15 నుంచి 8 వరకు సందు చుక్కకైతే మూడు సార్లు 8 ఇంటూ 7, ప్లస్ 1, మొత్తం 169. సూత్రం పిల్లలు చెప్పాక, చుక్కలు పెట్టే పని కూడా వాళ్లకే అప్పజెప్పండి. ఒక్క చుక్క తగ్గినా ముగ్గు కలవదు, తప్పిందో లేదో 169తో సరిచూసుకుంటారు.