షెర్పా రగ్గా, ఉన్ని రగ్గా? మన మంచుకి ఏది కొనాలి

నమస్తే అండి. ఈ టేబుల్ మీద రెండు రగ్గులున్నాయి, చూడండి. తెల్లగా, ఒత్తుగా, గొర్రెపిల్ల ఒంటిలా ఉన్నది షెర్పా. పక్కన బూడిదరంగులో పల్చగా ఉన్నది ఉన్ని. ఈ రెండిట్లో గొర్రెబొచ్చు ఏదని అడిగితే ఎవరైనా ముందు తెల్లదాని మీదే చెయ్యి వేస్తారు. కానీ అందులో గొర్రె వెంట్రుక ఒక్కటి కూడా లేదండి. హిమాలయాల్లోని షెర్పాల పేరు పెట్టారు గానీ అది పాలిస్టర్. అల్లిన గుడ్డకి ఒకవైపు బొచ్చు లేపి, రెండోవైపు నున్నగా వదిలేస్తారు. కొన్నిట్లో యాక్రిలిక్ కూడా కలుపుతారు.

ద్వారపూడి వెళ్లి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, ముందు మన చలి ఎలాంటిదో ఆలోచించండి. గోదావరి జిల్లాల్లో గడ్డకట్టే చలి ఉండదు. మనల్ని వణికించేది తేమ. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవ గట్టు మీద బండి నడిపితే చొక్కా చెమ్మగిల్లిపోతుంది. అందుకే ఇక్కడ గుడ్డ ఎంత మందంగా ఉందన్నదాని కంటే, తేమ తగిలితే ఏం చేస్తుందన్నదే ముఖ్యం.

ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకోగలదు. అప్పటికీ చేతికి తడి తగలదు. పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుడుతుంది. పాలిస్టర్ ఒక శాతం తేమ కూడా పీల్చుకోదు. షెర్పా కప్పుకున్న వెంటనే వెచ్చగా, హాయిగా ఉంటుంది, నిజమే. తలుపులు వేసుకుని పడుకుంటే అర్ధరాత్రికి లోపల చెమట పడుతుంది, రగ్గు తన్నేస్తాం, ఆ చెమట మీద గాలి తగిలి మళ్లీ చలి పుడుతుంది. ఉన్ని రగ్గులో ఈ బాధ చాలా తక్కువ.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు కనిపెట్టుకుని గట్టు మీద ఉండేవాళ్లకి నేను ఉన్నే చెబుతాను. మంచు పడుతున్నా వెచ్చదనం నిలబెట్టేది అదే. కురుమలు నేసే గొంగళి ఉంది కదా, దక్కనీ గొర్రె ముతక ఉన్నితో నేసేది, సన్నటి వాన పడితే పైపైనే జారిపోతుంది. దాన్ని మించిన కాపలా రగ్గు నాకు కనిపించలేదు. గుచ్చుకుంటుంది, కాదనను. లోపల పాత నూలు దుప్పటి వేసుకుంటే సరిపోతుంది. మన కోస్తాలో ఎక్కువగా మేపే నెల్లూరు గొర్రె మాంసం జాతి, ఉన్ని ఇవ్వదు. అందుకే మంచి గొంగళి కావాలంటే తెలంగాణ నుంచో రాయలసీమ నుంచో తెప్పించుకోవాలి.

షెర్పాని తీసిపారేయను. ఏసీ గదికి, సోఫాలో కూర్చుని టీవీ చూసే పెద్దవాళ్లకి చాలా బావుంటుంది. మెత్తన, గుచ్చుకోదు, ధర తక్కువ, మెషిన్లో వేసినా త్వరగా ఆరిపోతుంది.

కానీ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. భోగి మంట దగ్గరకి పిల్లల్ని షెర్పా జాకెట్‌తో పంపకండి. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఎగిరిన నిప్పురవ్వ పడితే చిల్లు పడటంతో ఆగకపోవచ్చు. ఆ కరిగింది ఒంటికి అంటుకుంటే చర్మం మీంచి ఊడదు, కాలిన గాయం లోతుగా దిగుతుంది. ఉన్నికి నిప్పంటుకోవాలంటే 570 డిగ్రీలు దాటాలి. అంటుకున్నా మంట తీసేస్తే సాధారణంగా తనే ఆరిపోతుంది. పల్చటి ఉన్ని స్వెటర్ వెయ్యండి, లేదంటే మామూలు నూలు బట్టలు వేసి పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. చెరువు గట్టు మీద చలిమంట వేసుకునేవాళ్లకీ ఇదే మాట.

మరి కొన్నది నిజంగా ఉన్నేనా? వెచ్చగా ఉండే ప్రతిదాన్నీ ఊలు అనేయడం షాపుల్లో అలవాటైపోయింది. ముందు లేబుల్ తిప్పి, ఏది ఎంత శాతమో చదవండి. ఇంటికొచ్చాక అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట అగ్గిపుల్ల చూపించండి. ఇదిగో, ఉన్ని పోగు. జుట్టు కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిద పొడి అయిపోతుంది. ఇప్పుడు షెర్పా పోగు. ముడుచుకుని కరిగింది, చివర గట్టి పూసలా మిగిలింది. చల్లారేదాకా దాన్ని ముట్టుకోకండి.

ఉతకడం సంగతి. షెర్పాని తిరగేసి చన్నీళ్లలో వెయ్యండి, ఇస్త్రీ జోలికి పోకండి. వేడి తగిలితే బొచ్చు ఉండలు కట్టేస్తుంది, ఆ తర్వాత వెచ్చదనమూ తగ్గుతుంది. ఉన్నికి వేడినీళ్లు అసలు పనికిరావు, ముడుచుకుపోతుంది. పిండకుండా నీళ్లు ఒత్తేసి నీడలో పరిచి ఆరబెట్టండి. శివరాత్రి వెళ్లాక బీరువాలో పెట్టేముందు రెండిటినీ బాగా ఆరనివ్వండి. మన గాలిలో తేమకి చెమ్మ మిగిలితే ఉన్నికి బూజు పడుతుంది. పురుగు కూడా దాన్నే తింటుంది, షెర్పా జోలికి పెద్దగా రాదు. అందుకని ఉన్ని మడతల మధ్య కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి పెట్టండి. పసిపిల్లల బట్టలున్న అరలో మాత్రం అవి వద్దు.