ఉజ్జీవం తరువాత కట్టెలు మోసేదెవరు?

శ్రోతలకు వందనాలు.

ఒక సంఘంలో ఉజ్జీవం, అంటే చల్లారిన భక్తి మళ్లీ రగలడం, కలిగిన రోజులను కళ్లారా చూసినవారు వాటిని జీవితాంతం మరిచిపోలేరు. ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని క్షమాపణ అడుగుతారు, ఎగ్గొట్టిన బాకీలను ఎవరూ అడగకుండానే తీరుస్తారు, ప్రార్థన ముగిసినా ఎవరికీ లేచి ఇంటికి వెళ్లాలనిపించదు. ఆ రోజులను గురించిన సాక్ష్యాలు మనం ఎన్నో వింటాం. ఆ తరువాతి పదో ఏడాది ఆ సంఘం ఎలా ఉందో చెప్పే సాక్ష్యాలు మాత్రం అరుదుగా వినబడతాయి. ఈ పూట నేను మాట్లాడదలచింది ఆ పదో ఏడాదిని గురించే.

ఈ సంగతిని దాపరికం లేకుండా చెప్పిన గ్రంథం బైబిలులో నెహెమ్యా గ్రంథం. పారసీక రాజైన అర్తహషస్త ఏలుబడిలో 20వ ఏట, అంటే క్రీ.పూ. 445లో, రాజుకు పానపాత్ర అందించే నెహెమ్యా సెలవు పుచ్చుకుని యెరూషలేముకు వచ్చాడు. కూలిపోయి ఉన్న పట్టణ ప్రాకారాన్ని ప్రజలు ఆయన నాయకత్వంలో 52 రోజుల్లో కట్టి ముగించారు. అయితే అసలైన ఉజ్జీవం గోడ కట్టడంలో రాలేదు. ఏడవ నెల మొదటి రోజున ప్రజలందరూ నీటి గుమ్మం ఎదుటి మైదానంలో కూడి, ధర్మశాస్త్ర గ్రంథాన్ని తెమ్మని శాస్త్రియైన ఎజ్రాను తామే అడిగారు. ఆయన ఉదయం మొదలుకొని మధ్యాహ్నం దాకా చదువుతుంటే స్త్రీలు, పురుషులు, గ్రహించగలిగిన పిల్లలు చెవియొగ్గి విన్నారు. చదివినదాని భావాన్ని మందిర సేవ చేసే గోత్రపువారైన లేవీయులు జనానికి విడమరిచి చెప్పారు. వింటున్నకొద్దీ ప్రజలకు దుఃఖం ఆగలేదు. ఏడవవద్దనీ, అది పరిశుద్ధ దినం గనుక ఇంటికి వెళ్లి భోంచేసి, ఏమీ సిద్ధపరచుకోలేనివారికి వంతులు పంపించమనీ నాయకులు వారిని ఓదార్చవలసి వచ్చింది. అదే నెల 24వ రోజున వారు ఉపవాసముండి, పగటిలో నాలుగో వంతు వాక్యం చదవడంలోనూ మరొక నాలుగో వంతు పాపాలు ఒప్పుకొని దేవుణ్ణి ఆరాధించడంలోనూ గడిపారు.

ఆ కన్నీళ్ల వెంటనే వారు ఒక పని చేశారు. దేవునితో నిబంధన రాసుకుని, 80 మందికి పైగా నాయకులు దానికి ముద్రలు వేయగా, తక్కిన జనమంతా భార్యలతో, కొడుకులతో, కూతుళ్లతో కలిసి ప్రమాణం చేశారు. ఆ పత్రాన్ని ఇప్పుడు చదివితే నాకు ఆశ్చర్యం కలిగించేది అందులోని నిత్యవ్యవహారపు తీరు. దేవుణ్ణి ప్రేమిస్తాం, ఆయన కోసమే బతుకుతాం అన్న పెద్ద మాటలతో వారు ఊరుకోలేదు. మందిరపు ఖర్చుకు ఏటా తులంలో మూడో వంతు ఇస్తామన్నారు. విశ్రాంతి దినాన ఎవరు సరుకులు తెచ్చినా కొనమన్నారు. ఏడవ ఏట అప్పులు మాఫీ చేస్తామన్నారు. లేవీయులకు దశమభాగం చెల్లిస్తామన్నారు. బలిపీఠానికి కట్టెలు ఏ కుటుంబం ఏ సమయంలో తేవాలో చీట్లు వేసి నిర్ణయించుకున్నారు. ఆ ప్రమాణం చివరి మాట, తమ దేవుని మందిరాన్ని విడిచిపెట్టబోమన్నది.

కట్టెల సంగతి చిన్నదిగా కనబడుతుంది గాని కాదు. మోషే కాలంలో ప్రత్యక్ష గుడారపు బలిపీఠం మీదికి అగ్ని యెహోవా సన్నిధి నుండి బయలుదేరి వచ్చిందని లేవీయకాండం చెబుతుంది. దానిని చూసి ప్రజలు కేకలు వేసి సాగిలపడ్డారు. అదే గ్రంథం, బలిపీఠం మీద అగ్ని ఎన్నడూ ఆరిపోకూడదనీ, యాజకుడు ప్రతి ఉదయమూ దాని మీద కట్టెలు వేయాలనీ ఆజ్ఞాపించింది. అగ్నిని దేవుడు పంపాడు, కట్టెలు మాత్రం మనుషులు మోయాలి. ఉజ్జీవాన్ని మనం పుట్టించలేం, అది కృప. కానీ కట్టెలు మోసే పనిని కూడా కృప మీదికి నెట్టేసి కూర్చోవడం భక్తి కాదు.

నెహెమ్యా 12 ఏళ్లు అధిపతిగా ఉండి, అర్తహషస్త 32వ ఏట రాజు దగ్గరకు తిరిగి వెళ్లాడు. కొంతకాలానికి మళ్లీ సెలవు తీసుకుని యెరూషలేముకు వచ్చి చూస్తే, ఆ నిబంధన పత్రంలోని ముఖ్యమైన మాటలు ఒకదాని వెంట ఒకటి తప్పిపోయి ఉన్నాయి.

అన్నిటికంటే మనసును కలచేది టోబీయా గది. ఈ టోబీయా ఎవరో కాదు. ప్రాకారం కడుతున్న రోజుల్లో, దాని మీదికి ఒక నక్క ఎగిరినా గోడ పడిపోతుందని ఎగతాళి చేసినవాడు. బయటి నుండి ఎన్ని ఎత్తులు వేసినా ఆ గోడలో ఒక్క రాయినైనా అతడు కదిలించలేకపోయాడు. అలాంటివాడికి ఇప్పుడు మందిరపు ఆవరణంలోనే విశాలమైన గది దొరికింది. మందిరపు గదులపై అధికారం ఉన్న యాజకుడైన ఎల్యాషీబు అతనితో బంధుత్వం కలుపుకుని ఆ గదిని సిద్ధం చేయించాడు. శత్రుత్వం చేయలేని పనిని చుట్టరికం చేసిపెట్టింది. అంతకుముందు ఆ గదిలో నైవేద్యాలు, సాంబ్రాణి, పాత్రలు, లేవీయులకు చెందవలసిన ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఉండేవి. లేవీయులకు వంతులు అందక వారు తమ తమ పొలాలకు పారిపోయారని ఆ గ్రంథం వెంటనే చెబుతుంది. గది ఖాళీ అయినందువల్ల టోబీయా వచ్చాడో, టోబీయా కోసమే గదిని ఖాళీ చేశారో లేఖనం చెప్పదు. ఏది ముందు జరిగినా రెండోదానికి దారి సుగమమైందని మాత్రం చెప్పవచ్చు. మందిరంలో పాట పాడవలసినవాడు పొలం దున్నుతున్నాడంటే ఆ తప్పు అతని ఒక్కడిదే అనుకోవడం న్యాయం కాదు, సంఘమంతా కలిసి అతణ్ణి పొలానికి పంపింది.

ఇది జరుగుతున్నప్పుడు ఎవరూ లేచి నిలబడి, మేము ఇక దేవుణ్ణి విడిచిపెడుతున్నామని ప్రకటించలేదు. తూరు వ్యాపారులు విశ్రాంతి దినాన చేపలు తెచ్చి అమ్మితే కొన్నవారికి ఆ రోజు వంట గడవడమే ముఖ్యమనిపించి ఉంటుంది. ద్రాక్షగానుగ తొక్కినవాడికి పంట పాడవుతుందన్న భయం ఉండి ఉంటుంది. ఎల్యాషీబుకు బంధువును కాదనలేని మొహమాటం. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక సమాధానం దొరుకుతుంది. అన్నీ కలిసిన చోట ఒక సంఘం తన మాట తప్పింది.

నెహెమ్యా టోబీయా సామానంతా గది బయట పారవేయించి, గదులను శుద్ధి చేయించి, వస్తువులను తిరిగి పెట్టించాడు. ఆయన కోపాన్నే చాలామంది గుర్తుంచుకుంటారు. నాకు ఆ తరువాతి పని ఎక్కువ ముఖ్యమని తోస్తుంది. ఖజానాల మీద ఒక యాజకుణ్ణి, ఒక శాస్త్రిని, ఒక లేవీయుణ్ణి, వారికి సహాయకుడిగా మరొకరిని నియమించాడు. వారు నమ్మకమైనవారని పేరు పొందినవారనీ, సహోదరులకు పంచిపెట్టడం వారి పని అనీ గ్రంథం చెబుతుంది. ఒక్కడి చేతిలో ఉన్న తాళపుచెవి నలుగురి చేతుల్లోకి వచ్చింది. గుమ్మాల దగ్గర కూడా అంతే. మొదట తన సేవకులను కాపలా పెట్టాడు, తరువాత ఆ బాధ్యతను లేవీయులకు అప్పగించాడు. తాను ఊళ్లో లేకపోతే అంతా ఎలా జారిపోయిందో కళ్లారా చూసినవాడు గనుక, తన కన్ను లేకున్నా నడిచే ఏర్పాటు చేశాడని నేను అనుకుంటాను. ఒకే సేవకుని గొంతు మీద, ఒకే నాయకుని భక్తి మీద ఆధారపడిన ఉజ్జీవం ఆయన ప్రయాణమైన రోజునే బలహీనపడటం మొదలవుతుంది. మోషే తరువాత నాయకుడైన యెహోషువ దినాలలోనూ, ఆయన తరువాత బతికిన పెద్దల దినాలలోనూ ప్రజలు యెహోవాను సేవించారనీ, వారి తరువాత యెహోవాను ఎరుగని మరొక తరం పుట్టిందనీ న్యాయాధిపతుల గ్రంథం కూడా చెబుతుంది.

తరం మాట వచ్చింది గనుక పిల్లల సంగతి చెప్పాలి. నెహెమ్యా తిరిగి వచ్చేసరికి, అష్డోదు, అమ్మోను, మోయాబు స్త్రీలను పెళ్లాడిన యూదుల కుటుంబాల్లో సగం మంది పిల్లలు అష్డోదు భాష మాట్లాడుతున్నారు, యూదుల భాష వారికి రాదు. దీన్ని జాతి విషయంగా తీసుకోకూడదు, మోయాబీయురాలైన రూతు దావీదు వంశంలో తల్లిగా నిలిచిందని అదే బైబిలు సాక్ష్యమిస్తోంది. ఆ తల్లిదండ్రుల మీద నెహెమ్యా చేయి చేసుకున్న తీరును కూడా ఆదర్శంగా చూపించడానికి నా మనసు ఒప్పుకోదు. కానీ ఆయన భయం మాత్రం నిజమైనది. నీటి గుమ్మం దగ్గర లేఖనం చదివిన భాష పిల్లలకు అర్థం కాకపోతే, తల్లిదండ్రుల కన్నీళ్లు వారికి ఒక కథగానే మిగులుతాయి. ఉజ్జీవంలో రక్షణ ఆనందాన్ని చూసిన తల్లి తన బిడ్డకు ఆ రోజును వర్ణించి చెబితే సరిపోదు. బిడ్డ అడిగే ప్రశ్నలకు కూర్చుని, ఓపికగా, రోజువారీ మాటల్లో జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఏర్పాట్లు బాగున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఎఫెసు సంఘం కష్టపడింది, సహించింది, అబద్ధ అపొస్తలులను పరీక్షించి కనిపెట్టింది. అయినా మొదట ఉన్న ప్రేమను వదిలిందని ప్రకటన గ్రంథంలో ప్రభువు దాని మీద తప్పు మోపాడు. అందుకు ఆయన చెప్పిన వైద్యం ఏమిటంటే, ఏ స్థితిలో నుండి పడ్డావో జ్ఞాపకం చేసుకొని, మారుమనస్సు పొంది, మొదటి క్రియలు చేయమని. మొదటి అనుభూతులను తెచ్చుకోమని ఆయన అడగలేదు. కన్నీళ్లు మళ్లీ వస్తాయో రావో మన చేతిలో లేదు. ఆ రోజుల్లో ఎవరిని క్షమించామో, ఎవరింటికి వెళ్లామో, ఎవరి ఆకలి తీర్చామో ఆ పనులు మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి.

జర్మనీలోని హెర్న్‌హుట్ అనే చిన్న స్థావరంలో మొరేవియా నుండి తరలివచ్చిన శరణార్థులు తమలో తాము తగవులాడుకుంటూ ఉండేవారు. ఆ భూమి యజమాని అయిన జింజెండార్ఫ్ ప్రభువు వారిని ఒక ఒప్పందానికి తెచ్చాక, 1727 ఆగస్టు 13న ప్రభురాత్రి భోజన సమయంలో వారిలో గొప్ప ఉజ్జీవం కలిగింది. రెండు వారాలు తిరిగేసరికి 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటల చొప్పున వంతులు వేసుకుని ప్రార్థించడం మొదలుపెట్టారు, ఆ ప్రార్థన వందేళ్లకు పైగా సాగింది. ఐదేళ్ల తరువాత, 1732లో, వారిలో నుండి ఒక కుమ్మరి, ఒక వడ్రంగి బానిసలకు సువార్త చెప్పడానికి సముద్రం దాటి కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి వెళ్లారు. ఆ వందేళ్లలో నడిరాత్రి వంతు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నిద్ర మానుకుని లేచి ఉంటారు. అలా లేచినవారిలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు.

నెహెమ్యా గ్రంథం ముగిసే తీరు కూడా అలాంటిదే. గోడను గురించి గాని, నీటి గుమ్మం దగ్గరి ఆ గొప్ప దినాన్ని గురించి గాని చివరి వచనంలో ఒక్క మాట లేదు. నియమించిన కాలాల్లో కట్టెల అర్పణ జరిగేటట్టు, ప్రథమ ఫలాలు చేరేటట్టు ఏర్పాటు చేశానని నెహెమ్యా దేవునికి లెక్క అప్పజెప్పి, మేలుకై తనను జ్ఞాపకం ఉంచుకొమ్మని ప్రార్థించాడు.